శౌరి చేసిన చలువ పట్టీ

షూటింగు కారవాన్లు నిలిపే షెడ్డులో శౌరికి ‘మూడు ఫోన్ల మేస్త్రి’ అని పేరు. ఒక బండికి ఏసీ బాగుచేసి పంపించాక, పొద్దుగూకేలోగా ఆ డ్రైవరుకి కనీసం మూడుసార్లు ఫోన్ చేస్తాడు. చల్లగా వస్తోందా అని ఒకసారి. నీళ్ళు కారట్లేదు కదా అని ఇంకోసారి. మూడోసారి ఏమడగాలో తెలియక, "భోంచేశావా?" అని అడిగి పెట్టేస్తాడు. డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. కానీ ఫిల్మ్‌నగర్‌లో తారలు కూర్చునే బండి ఏది మొరాయించినా ముందు శౌరికే కబురు వచ్చేది.

అతనిది ఫిరంగిపురం దగ్గర పల్లె. ఐటీఐ ముగించి, ఇరవై రెండేళ్ళ వయసులో మేనమామ వెంట హైదరాబాదు వచ్చాడు. ఇప్పుడు నలభై తొమ్మిది. భార్య ఫిలోమినా సినిమాలకు బట్టలు కుడుతుంది. పాట మధ్యలో డాన్సర్లు కన్నుమూసి తెరిచేలోగా ఒక వేషం విప్పేసి ఇంకో వేషంలో కనిపించాలంటే, ఒక్క గుంజుకి ఊడివచ్చే దుస్తులు కావాలి. అవి కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఇద్దరూ ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందులో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నారు.

అదే సందులో నాలుగిళ్ళ అవతల లక్ష్మయ్య ఉంటాడు. షేక్‌పేటలోనే పుట్టి పెరిగినవాడు. వయసులో ఉన్నప్పుడు సినిమాల్లో ఫైటరు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సెట్టులో, అంటుకున్న ఇంటి కిటికీలోంచి దూకే సీను చేస్తుండగా వీపు మొత్తం కాలిపోయింది. ఆరు నెలలు ఆసుపత్రిలో బోర్లా పడుకుని బతికి బయటపడ్డాడు. ఇక దూకడాలూ దొర్లడాలూ మానేసి, ఫైట్ యూనిట్‌లోనే తాళ్ళు లాగే పనిలో కుదురుకున్నాడు. హీరోనో డూపునో గాలిలోకి లేపాలంటే ఆ తీగను కిందినుంచి నలుగురు పట్టుకుని లాగుతారు. ఆ నలుగురిలో ముందుండే మనిషి లక్ష్మయ్య.

కిందటేడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, ఓ సెట్టు బయట ఆపిన కారవాన్‌లో శౌరి ఏసీ ఫిల్టర్లు కడిగి బిగిస్తున్నాడు. బయట కేకలు వినిపించాయి. ఇద్దరు మనుషులు లక్ష్మయ్యను చంకల కింద పట్టుకుని లోపలికి తెచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. శౌరి ఏసీ పూర్తిగా పెంచి, అతని చొక్కా విప్పించి, గాలి తగిలేలా కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళలో అతని వీపు చూడటం అదే మొదలు. మెడ కింద నుంచి నడుము దాకా చర్మం కరిగి గట్టిపడిన మైనంలా మెరుస్తోంది. ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది. ఆ వీపు మీద మాత్రం ఒక్క చుక్క లేదు.

అరగంటకు లక్ష్మయ్య తేరుకున్నాడు.

"ఆడ చెమట రాదు తమ్మీ," అన్నాడు, శౌరి చూపు ఎక్కడుందో గమనించి. "లోపలి వేడి లోపల్నే ఉంటది. ఎండాకాలం వచ్చిందంటే నాకు గండమే."

"మరి ఈ పని ఎందుకన్నా?"

"ఇంకేం పని చేస్త? నీడపట్టున ఉండే పని నాకెవరిస్తరు?"

ఆ రాత్రి నుంచి శౌరికి ఆ వీపే కళ్ళ ముందు ఆడుతోంది. వేడిని ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపించడమే ఇరవై ఏడేళ్ళుగా అతను చేస్తున్న పని. గదిని చల్లబరిచేవాడు మనిషిని చల్లబరచలేడా?

కారవాన్లలో మేకప్ సామాను కరిగిపోకుండా దాచుకునే చిన్న చల్లపెట్టె ఒకటి ఉంటుంది. దాంట్లో కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు. అగ్గిపెట్టెంత వెడల్పున్న తెల్లటి పలక ఒకటి ఉంటుంది, ఎర్ర వైరూ నల్ల వైరూ వేలాడుతూ. కరెంటు ఇస్తే దాని ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం వేడెక్కుతుంది. పెల్టియర్ పలక అంటారు దాన్ని. పాడైపోయిన పెట్టెల్లోంచి తీసిన పలకలు శౌరి డబ్బాలో నాలుగైదు ఉన్నాయి. చల్లటి ముఖం వీపుకి ఆనేలా, వేడి ముఖానికి అల్యూమినియం రెక్కలూ చిన్న ఫ్యానూ బిగించి, బ్యాటరీ నడుముకు కట్టుకుంటే?

"అంత చిన్న పలక మనిషినేం చల్లబరుస్తుందండీ?" అంది ఫిలోమినా.

"చూద్దాం. ముందు నా చేతి మీద పెట్టి చూస్తాగా."

మొదటి ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చీ రాగానే పలకను ఎడమ ముంజేతికి కట్టుకుని కూర్చున్నాడు. నిమిషంలో ఐసు ముక్క పెట్టినట్టయింది. పలక చుట్టూ నీటి బొట్లు పేరుకున్నాయి. పది నిమిషాలు ఓర్చుకుని, సంబరంగా స్విచ్చు ఆపాడు. అంతే, చురుక్కుమంది. ఆ పది నిమిషాలూ అవతలి ముఖం పోగేసుకున్న వేడంతా, కరెంటు ఆగగానే, పలకలోంచి తిరిగి అతని చర్మం మీదికే వచ్చింది. పట్టీ ముడి విప్పేలోగా చేతి మీద చదరంగా ఎర్రటి మచ్చ పడింది.

ఫిలోమినా కొబ్బరినూనె రాస్తూ, "నాకు ఒళ్ళు జలదరిస్తోందండీ," అంది. "మీకు మంట తెలిసింది కాబట్టి విప్పుకున్నారు. అన్నయ్య వీపు మీద ఇది జరిగితే?"

శౌరి ఆ మాటకు అన్నం సరిగ్గా తినలేదు. లక్ష్మయ్య వీపుకి చెమట పట్టకపోవడమే కాదు, స్పర్శ కూడా లేదు. చీమ పాకినా తెలియదు, చుర్రుమన్నా తెలియదు. ఏ చర్మానికి చల్లదనం ఎక్కువ కావాలో, ఆ చర్మమే ఏమైనా అయితే అరవలేదు.

రెండు నెలలు అదే ధ్యాస. స్విచ్చు ఆపినా ఫ్యాను మాత్రం ఇంకో ఐదు నిమిషాలు తిరిగేలా చేశాడు. ఫ్యాను ఆగి రెక్కలు వేడెక్కితే పలకకు కరెంటు తెగిపోయేలా కటాఫ్ పెట్టాడు. వైర్లు తారుమారైతే చల్లటి ముఖం వేడి ముఖమైపోతుంది కాబట్టి, ఒకే పక్కన దూరే ప్లగ్గు వెతికి తెచ్చాడు. పలక పదిహేను డిగ్రీల కంటే చల్లబడకుండా ఒక సెన్సారు పెట్టాడు. బియ్యపు గింజంత ఉంటుంది అది. ఫిలోమినా డాన్సర్ల దుస్తుల కిటుకే వాడి, భుజం దగ్గర ఒక దారం లాగితే పట్టీ మొత్తం ఊడి కిందపడేలా కుట్టింది. ఒక్కొక్కటీ చేతి మీద, తొడ మీద, పొట్ట మీద పెట్టుకుని చూసుకున్నాడు. షెడ్డులో పని చేస్తూ చేస్తూ ఏదో గుర్తొచ్చి, చేతిలో పానా అలాగే పట్టుకుని ఇంటికి పరిగెత్తిన రోజులు కూడా ఉన్నాయి.

జూన్ వచ్చినా ఎండ తగ్గలేదు. ఒక శనివారం పొద్దున పది గంటలకు, లక్ష్మయ్య ఇంటి ముందు రేకుల పందిరి కింద పట్టీ కట్టారు. లక్ష్మయ్య భార్య బాలమణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె షేక్‌పేటలో టిఫిన్ బండి నడుపుతుంది. మొగుడి వీపు జోలికి ఎవరు వచ్చినా ఆమెకు భయమే. పద్దెనిమిదేళ్ళుగా ఆ వీపుకి రోజూ నూనె పట్టించేది ఆమె.

పావుగంటకోసారి శౌరి అడుగుతున్నాడు. "ఎలా ఉందన్నా?"

"మంచిగున్నది. మెడకాడ జర జర చల్లగ తగుల్తున్నది. వీపు సంగతి నాకు తెల్వదు గని, ఊపిరి హాయిగ ఆడుతున్నది."

"పోటు గానీ, లాగినట్టు గానీ?"

"ఏం లే. ఊకె భయపడకు నువ్వు. ఇంకో పావుగంట ఉండనీ."

నలభై ఐదు నిమిషాలైంది. ఫిలోమినా పట్టీ విప్పడానికి వెనక్కి వెళ్ళింది. దారం లాగింది. పట్టీ ఊడింది గానీ పలక ఊడలేదు. అది చర్మానికి అంటుకుని ఉంది.

"ఏవండీ," అంది ఆమె.

శౌరి వేలితో తాకి చూశాడు. పలక చుట్టూ తెల్లగా మంచు. కాసిని మామూలు నీళ్ళు పోశాక పలక విడివడింది. దాని కింద, ఎడమ భుజపు ఎముక పక్కన, అగ్గిపెట్టెంత మేర చర్మం సున్నం పూసినట్టు తెల్లబడి, నొక్కితే చెక్కలా గట్టిగా ఉంది. పట్టీ బిగించేటప్పుడు సెన్సారు పక్కకు జారిపోయింది. అది పలకను కాకుండా వెచ్చటి ఒంటిని చూస్తూ, ఇంకా చల్లబడలేదు, ఇంకా చల్లబడలేదు అని చెబుతూనే ఉంది. పలక దాని మాట వింటూ పోయింది.

"ఏమైంది? ఎందుకు అందరు సప్పుడు చేస్తలేరు?" అన్నాడు లక్ష్మయ్య, ముందుకు వంగి కూర్చునే.

మర్నాటికి అక్కడ నీటి పొక్కు లేచింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, కాలిన గాయాల విభాగంలో పూజిత అనే డాక్టరు చూసింది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఎవరి మీదా గొంతు పెంచకుండానే భయపెట్టగల మనిషి.

"ఇది మామూలు చర్మం కాదు కదా, మచ్చ చర్మం. చాలా పల్చగా ఉంటుంది, రక్తం సరిగ్గా అందదు," అంది కట్టు కడుతూ. "మానితే మానుతుంది. లేదంటే అక్కడ పుండు పడుతుంది. అప్పుడు మళ్ళీ గ్రాఫ్టింగ్, అంటే వేరేచోటి చర్మం తెచ్చి అతికించడం, ఆలోచించాలి. పది పదిహేను రోజులు గడిస్తే గానీ ఏదీ చెప్పలేను."

బయటికి వచ్చాక బాలమణి ఆటో ఎక్కబోతూ ఆగింది.

"శౌరన్నా, ఆయనకు నొప్పి తెల్వదని నీకు ఎర్కే గద. అన్నీ ఎర్కుండి కట్టినవ్."

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

ఆ రోజులు అతను ఎలా గడిపాడో ఫిలోమినాకే తెలుసు. పొద్దున్నే షెడ్డుకి పోయేముందు లక్ష్మయ్య గుమ్మం దగ్గరికి వెళ్ళేవాడు. లోపలికి పిలిస్తే వెళ్ళేవాడు, లేకపోతే బయటే నిలబడి, "జ్వరం రాలేదు కదా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. నాలుగో రోజున పొక్కు చితికింది. ఆరో రోజున గాయం అంచు నల్లబడింది. ఆ నలుపు ఫోన్‌లో ఫొటో తీసుకుని, దారిలో నాలుగుచోట్ల ఆగి పెద్దది చేసి చూసుకున్నాడు. నిన్నటి కన్నా పెరిగిందా? వెలుతురు తేడానా? షెడ్డులో ఒక బండికి రెండు స్క్రూలు బిగించడం మరిచిపోయాడు. ఇరవై ఏడేళ్ళలో ఎప్పుడూ జరగని పని అది. ఆ పట్టీనీ మిగిలిన పలకలనూ ఒక సంచిలో వేసి ఫిలోమినా చేతికిచ్చి, "ఎక్కడైనా పారెయ్. నాకు కనిపించనివ్వకు," అన్నాడు. ఆమె తీసుకెళ్ళి కుట్టుమిషను కింద పెట్టింది. పారెయ్యలేదు, ఆ సంగతి అతనికి చెప్పనూ లేదు.

లక్ష్మయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

"గా నలభై నిమిషాలు నేను ఎంత సుఖపడ్డనో నీకు తెల్వది తమ్మీ. పుండు మానంగనే మళ్ళ కడదం."

"నీకో దణ్ణం అన్నా. ఇంకోసారి ఆ మాట ఎత్తకు."

"మరి వచ్చే ఎండకాలం నన్నేం చెయ్యమంటవ్?"

గాయం గురించిన భయం ఒక వైపు నుంచి, వచ్చే ఏప్రిల్ గురించిన భయం ఇంకో వైపు నుంచి నొక్కుతుంటే, మధ్యలో శౌరి చిక్కిపోయాడు.

పదమూడో రోజున కట్టు విప్పి చూసి, డాక్టర్ పూజిత మొదటిసారి తల ఊపింది. నల్లటి అంచు కిందనుంచి గులాబి రంగు తేలుతోంది. గ్రాఫ్టింగు అవసరం పడదని చెప్పింది. శౌరి అక్కడే గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె అతనికి మంచినీళ్ళు ఇప్పించి, "అది తీసుకురండి ఒకసారి, చూస్తాను," అంది.

"ఏదండీ?"

"మీరు చేసిన వస్తువు."

"పారేయించానండీ."

"పారెయ్యలేదు, నా దగ్గరుంది," అంది పక్కనే ఉన్న ఫిలోమినా.

మర్నాడు డాక్టరు ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది. దారం లాగి, ఊడిపడటం చూసి నవ్వింది కూడా.

"ఇంత ఆలోచించారు కదా. అయినా ఎక్కడ దెబ్బతిన్నారో తెలుసా? చల్లగా ఉందా, నొప్పిగా ఉందా అని ఆయన్ని అడుగుతూ కూర్చున్నారు. ఆ వీపు జవాబు చెప్పలేదు. జవాబు చెప్పగలిగే చోట పెట్టండి. ఛాతీ మీద చర్మం బాగానే ఉంది, చేతుల లోపలి వైపు బాగుంది. మచ్చ మీద మాత్రం ఎప్పటికీ వద్దు. మెడ ముందు వైపు కూడా వద్దు. ఇరవై రెండు డిగ్రీల కంటే కిందికి పోవద్దు. అది చాలు."

శౌరి చిన్న పిల్లాడిలా చేతి మీదే రాసుకున్నాడు.

"ఇంకొకటి," అంది ఆమె. "ఇది గాయం కంటే పెద్ద విషయం. మీ పలకలు నాలుగు పెట్టినా ఒళ్ళంతా చల్లబడదు. హాయిగా అనిపిస్తుంది, అంతే. హాయిగా ఉంది కదా అని ఆయన ఎండలో ఇంకో రెండు గంటలు ఎక్కువ పని చేశాడనుకోండి. లోపల వేడి పెరుగుతూనే ఉంటుంది. ఆయనకు తెలియదు. ఈసారి పడితే లేవకపోవచ్చు."

ఇన్నాళ్ళూ శౌరి భయపడింది యంత్రం పాడైతే ఏమవుతుందని. బాగా పనిచేస్తే కూడా మనిషిని చంపగలదన్న మాట అతనికి తట్టలేదు.

"అయితే వద్దంటారా అండీ?"

"వద్దనట్లేదు. పని ఎప్పుడు ఆపాలో కూడా అదే చెప్పేలా చెయ్యండి అంటున్నాను."

ఆ మాట పట్టుకుని శౌరి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఒక్కో పలకకు రెండేసి సెన్సార్లు. రెండూ ఒకే మాట చెప్పకపోతే పలక ఆగిపోవాలి. అవి జారకుండా ఫిలోమినా ఒక్కోదానికి చిన్న జేబు కుట్టి, మూతి బిగించింది. పల్చటి నూలు బనీనులో ఛాతీకి రెండు, చేతుల లోపలి వైపు చెరొకటి. ఇరవై నిమిషాలు నడిచాక కీచుమని కూత పెట్టి ఆగిపోతుంది. మళ్ళీ పది నిమిషాల దాకా ఎవరు ఎన్నిసార్లు నొక్కినా మొదలు కాదు. ఆ పది నిమిషాలూ మనిషి నీడలో కూర్చుని నీళ్ళు తాగాలి.

ఇది పరీక్షించడానికి ఎండాకాలం దాకా ఆగే ఓపిక అతనికి లేదు. అక్టోబరులో ఒక మిట్టమధ్యాహ్నం, షెడ్డులో ఎండలో ఆపిన కారవాన్ ఎక్కి, అద్దాలు బిగించి, ఏసీ ఆపి, బనీను తొడుక్కుని కూర్చున్నాడు. తలుపు బయట ఫిలోమినా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. రెండు నిమిషాలకోసారి తలుపు తడుతుంది.

"ఏవండీ?"

"ఉన్నా."

"మీ పేరేంటి?"

"పిచ్చి ప్రశ్నలు వెయ్యకు."

"చెప్పండి. చెప్పకపోతే తలుపు తీసేస్తా."

"ఆరోగ్యం శౌరి. చాలా?"

షెడ్డులో కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. లోపలున్న మనిషీ నవ్వలేదు. అలా ఆ నెలలో పధ్నాలుగుసార్లు కూర్చున్నాడు. విప్పిన ప్రతిసారీ ఒంటి మీద పలకలు పెట్టిన చోట బొటనవేలితో నొక్కి, తెల్లబడిన చోటికి రక్తం రంగు ఎంతలో తిరిగి వస్తుందో చూసుకునేవాడు.

మార్చి వచ్చింది. మొగుడికి బనీను తొడగడానికి బాలమణి ఒప్పుకోలేదు. లక్ష్మయ్య ఆమెతో వారం రోజులు వాదించాడు. చివరికి ఆమె శౌరి ఇంటికి వచ్చి, బనీను చేతిలోకి తీసుకుని, పలకలున్న జేబులన్నీ తడిమింది. వీపు వైపు తిప్పి చూసింది. అక్కడ ఉట్టి గుడ్డ తప్ప ఏమీ లేదు.

"వీపు మీద లేదు గద?"

"లేదు వదినా. ఎప్పటికీ ఉండదు."

ఆమె ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. అదే ఒప్పుకోవడం అన్నాడు లక్ష్మయ్య.

మొదటి రోజు శౌరి షెడ్డుకి సెలవు పెట్టి సెట్టుకి వెళ్ళాడు. బండరాళ్ళ మధ్య వేసిన కోట సెట్టు. పదకొండు గంటలకే రాళ్ళు కాలిపోతున్నాయి. పైన తీగకు డూపు వేలాడుతున్నాడు. కింద నలుగురు తాడు పట్టుకుని ఉన్నారు. శౌరి గడియారం వంకా లక్ష్మయ్య ముఖం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. పద్దెనిమిది నిమిషాలు. పంతొమ్మిది. అప్పుడు తట్టింది అతనికి. ఆ కూత సరిగ్గా మనిషి గాలిలో ఉన్నప్పుడే వస్తే? ఉలిక్కిపడి ఎవరైనా తాడు వదిలితే? ఇన్ని నెలల్లో ఇది ఆలోచించలేదు తను.

కూత వచ్చింది. లక్ష్మయ్య కదల్లేదు. తాడు బిగపట్టే, "దింపుర్రి," అన్నాడు మెల్లగా. నలుగురూ కలిసి డూపును నేల మీదికి దించారు. ఆ తర్వాతే లక్ష్మయ్య తాడు పక్కవాడికిచ్చి నీడలోకి నడిచాడు.

"ఏంటా కూత? ఎవడు ఆపమన్నాడు షాట్?" ఫైట్ మాస్టరు అరిచాడు.

ప్రొడక్షన్ మేనేజరు పృథ్వీరాజ్ పరుగున వచ్చాడు. "ఏమయ్యా లక్ష్మయ్యా, ఇరవై నిమిషాలకోసారి ఇలా కూర్చుంటే పని ఎలా అవుతుంది? చేతకాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం కదా."

శౌరి ముందుకు వెళ్ళాడు. "సార్, కిందటేడు ఇదే మనిషి పడిపోయాడండీ. అప్పుడు తాడు చేతిలో లేదు కాబట్టి సరిపోయింది. తాడు చేతిలో ఉండగా పడితే, పైనున్న మనిషి సంగతేంటండీ?"

పృథ్వీరాజ్ తలెత్తి తీగ వైపు చూశాడు. ఫైట్ మాస్టరు కూడా చూశాడు. ఆయనా ఒకప్పుడు ఆ తీగకు వేలాడినవాడే.

"కూర్చోనీ," అన్నాడు మాస్టరు చివరికి. "నలుగురూ కూర్చోండ్రా. మజ్జిగ తెప్పించు పృథ్వీ."

మజ్జిగ వచ్చింది. లక్ష్మయ్య ఆ పక్కన తాగుతుంటే, శౌరి అతని బనీను పైకెత్తి, ఛాతీ మీద బొటనవేలు నొక్కి లెక్కపెట్టాడు. రంగు వెంటనే వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి.

"సాలు తియ్. జనం చూస్తున్నరు," అన్నాడు లక్ష్మయ్య.

ఆ వేసవి మొత్తం లక్ష్మయ్య పనికి వెళ్ళాడు. అన్ని సెట్లలోనూ ఆ కూతకు విలువ ఇచ్చారని కాదు. రెండుచోట్ల నోటికొచ్చినట్టు తిట్టారు, ఒకచోట పనిలోంచి తీసేశారు. మేలో ఒకసారి నీరసం వస్తే తనే కూర్చుని, శౌరికి ఫోన్ చేశాడు. మనిషి పడిపోవడం మాత్రం జరగలేదు. పృథ్వీరాజ్ డాన్సర్లకు పది బనీన్లు కావాలని కబురు పంపితే, శౌరి ఒప్పుకోలేదు. ఎవరు తొడుక్కుంటారో, వాళ్ళ ఒళ్ళు ఎలాంటిదో తెలియకుండా చెయ్యలేనని చెప్పాడు. పృథ్వీరాజ్ నవ్వి, "నువ్వు బాగుపడవయ్యా," అన్నాడు.

జూన్ చివర వానలు మొదలయ్యాక, ఒక సాయంత్రం బాలమణి షెడ్డుకి వచ్చింది. ఆసుపత్రి బయట ఆ మాట అన్న తర్వాత ఆమె తనంతట తానుగా శౌరి పని చేసే చోటికి రావడం అదే మొదటిసారి. చేతిలో మడతపెట్టిన బనీను ఉంది.

"దీన్ని ఉతకాల్నా, ఉతకొద్దా? పోయిందంటే మళ్ళ నువ్వు పరేషాన్ అయితవని ముట్టుకోలే."

పలకలు తీసేసి ఉతకాలని, ఎలా తియ్యాలో చూపించాడు. ఆమె శ్రద్ధగా చూసింది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"మా చెల్లె ఇస్త్రీ బండి పెట్టుకున్నది శ్రీనగర్ కాలనీల. బొగ్గుల పెట్టె ముంగట పొద్దంత నిలవడుతది. మొన్న కండ్లు తిరిగి పడ్డది. దానికొకటి చేస్తవా శౌరన్నా?"

శౌరి బనీను ముందు వైపు తిప్పి పలకల జేబులు చూశాడు. బొగ్గుల పెట్టె అంటే ముందు నుంచి వేడి. పలకలు ఛాతీ మీద ఉంటే రెక్కలు ఆ వేడికే ఎదురుగా ఉంటాయి. వేడి వెనక్కి పోయేదెలా? చేతులకు పాత కాలిన మచ్చలుంటాయేమో. షుగరుందేమో.

"రేపు ఒకసారి తీసుకురా వదినా," అన్నాడు. "చేస్తానని మాటివ్వట్లేదు. ముందు చేతులు చూడాలి."

"పొద్దున్నే తోలుకొస్త," అంది బాలమణి. కొంగు తలమీదికి లాక్కుని వానలోకి దిగి వెళ్ళింది.